అంతర్వేది ఇసుకలో ఒక అమావాస్య, రెండు ముక్కల ఫోటో

పదో తరగతికి భూభ్రమణం చెబుతూ, కెమెరా షట్టర్ గంటసేపు తెరిచి ఉంచితే నక్షత్రాలు గీతలుగా పడతాయని గొప్పగా అన్నాను. "మీరు తీశారా మాస్టారూ?" అని ఒక పిల్ల అడిగింది. తీయలేదు. తీసి చూపిస్తానని నోరు జారాను. అది 2002. మా రాజమండ్రిలో వీధి దీపాల మధ్య పది చుక్కలు కూడా కనబడవు. అందుకే డిసెంబరు అమావాస్యకు, అరువు తెచ్చిన ఫిల్ము కెమెరా, స్టాండు పట్టుకుని అంతర్వేది బయలుదేరాను.

పన్నెండింటికి ఎక్కిన నరసాపురం బస్సు రావులపాలెం దాటాక టైరు పంక్చరై గంటసేపు ఆగిపోయింది. నరసాపురంలో రెండు రూపాయలిచ్చి పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి చేరేసరికి ఐదు. అక్కడి నుంచి అంతర్వేదికి ఆటోకు యాభై. రాత్రికి మళ్ళీ వస్తావా అంటే, "ఆ చీకట్లో ఎవరొస్తారండి? పొద్దున్నే చూసుకోండి" అని డ్రైవరు వెళ్ళిపోయాడు.

నేను వచ్చిందే ఆ చీకటి కోసం. తీరా చూస్తే అక్కడ లైట్‌హౌస్. దాని వెలుగు క్షణక్షణానికీ ఆకాశాన్ని తుడిచిపోతోంది. విసుక్కుంటూ ఇసుకలో కిలోమీటరు పైగా నడిచి, సరుగుడు తోట చాటున స్టాండు నిలబెట్టాను. మొదటి ఫోటో మధ్యలో స్టాండు కాలు ఇసుకలోకి దిగిపోయింది. రెండోది నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టి తీశాక చూస్తే లెన్సంతా మంచుతో తడిసిపోయి ఉంది. మూడోది మొదలుపెట్టగానే ఎవరో లాంతరు పట్టుకుని నేరుగా నా వైపే వచ్చారు.

"లైటు ఆర్పండి" అని అరిచాను.

ఆవిడ వత్తి తగ్గించి నిలబడింది. పక్క గుడిసెలో ఉండి ఎండుచేపలమ్ముకునే మంగమ్మ. "ఏమన్నా పారేసుకున్నారేమో, వెతికిపెడదామని వచ్చానండి."

సిగ్గుపడి సంగతంతా చెప్పాను. లెన్సు తడి చూపించాను. ఆవిడ ముట్టుకుని చూసి, "అద్దం చల్లబడిపోయిందండి, అందుకే మంచు పట్టేత్తంది. ఉండండి" అని వెళ్ళి, వేయించిన ఉప్పు మూట తెచ్చింది. "నా నడుం నెప్పికి కాపడం పెట్టుకునేదండి. దీనిక్కూడా పెట్టి చూద్దాం."

ఆ మూటను జేబురుమాలుతో లెన్సు కింద కట్టి, ఫోటో మళ్ళీ మొదలుపెట్టాను. చల్లారినప్పుడల్లా ఆవిడే తీసుకెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చింది, మూడుసార్లు. గంటన్నర లెన్సు పొడిగానే ఉంది.

రాజమండ్రిలో రీలు కడగడానికిచ్చాను. "అంతా ఖాళీయేనండి" అంటూ స్టూడియో అతను కవరు చేతిలో పెట్టాడు. నెగటివ్ వెలుతురుకి పట్టి చూస్తే, సముద్రం మీద వంపు తిరిగిన సన్నటి గీతలు. రీలును ముక్కలుగా కోసేటప్పుడు సరిగ్గా ఆ ఫోటో మధ్యలోంచి కత్తెర పడింది. ఇదేంటండీ అంటే, "చీకటి ఫోటోకి అంచెక్కడో మాకెలా తెలుస్తుందండి?" అన్నాడు. అతను చెప్పింది నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

రెండు ముక్కలూ పక్కపక్కన అతికించి పిల్లలకు చూపించాను. ఇంకో జత ప్రింట్లు వేయించి, ఫిబ్రవరిలో మళ్ళీ అంతర్వేది వెళ్ళాను. మంగమ్మ ఆ గీతల మీద వేలు పోనిచ్చి, "ఇందుకా అండీ నా ఉప్పంతా మాడ్చారు?" అంది. తర్వాత లోపలికి వెళ్ళి, వాటిని తగిలించడానికి గుంజకు మేకు కొట్టింది.

ఆ రాత్రి నేను చేసిన ప్రతి పనీ తప్పే. నేను అరిచినా ఆ మనిషి సాయం చేసింది కాబట్టి ఆ ఒక్క ఫోటో అయినా దక్కింది. చుక్కల ఫోటో తీయడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: రీలులో మొదటి ఫోటో పగటి వెలుగులోనే తీయండి. దాన్ని బట్టి మిగతావి ఎక్కడ కోయాలో స్టూడియోవాళ్ళు కొలుచుకుంటారు.