గొలుసు బరువు ఎవరి లెక్కలో

మాది కారేపల్లి దగ్గరి పల్లె. సారపాక దాటాక, అడవి అంచున ఉన్న ఒక బాలికల హాస్టల్ బడిలో ఆటల టీచరుగా చేరి నాలుగేళ్లయింది. చదువుకునే రోజుల్లో కబడ్డీ ఆడేదాన్ని. నేను కాలు పట్టుకుంటే విడిపించుకుని పోయినవాళ్లు తక్కువ. ఆ పట్టు ఇంకా ఉందో లేదో చూసుకోవడానికి, పిల్లలకూ పనికొస్తుందని, ఖమ్మంలో వెల్డింగ్ షాపులో ఒక లావుపాటి పైపుతో పిడి చేయించాను. పిడి కింద గొలుసు, గొలుసుకు కడ్డీ, కడ్డీకి ఇనుప ప్లేట్లు. ఒంటి చేత్తో పిడి పట్టుకుని నిటారుగా నిలబడాలి. నడుము ఆ బరువు లేపగలదు గానీ వేళ్లు జారిపోతాయి.

ఎవరు ఎంత లేపారో ఆటసామాన్ల గదిలో బోర్డు మీద రాసేదాన్ని. అందరికంటే పైన నాదే, నలభై ఆరు కిలోలు. ప్లేట్లు నలభై, మిగతా సామాను ఆరు. చేయి మోసిందంతా లెక్కే కదా. పిల్లలకూ అలాగే కలిపి రాసేదాన్ని.

హాస్టల్లో వంట చేసే అక్క పక్క గూడెం మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ఒక సాయంత్రం పిల్లలు పట్టుకొచ్చిన నీళ్ల బిందె కోసం ఆటసామాన్ల గదికి వచ్చింది. పిల్లలు వదల్లేదు. "అక్కా, ఒక్కసారి లేపవా" అని చుట్టూ చేరారు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని పిడి పట్టుకుంది. నలభై కిలోల ప్లేట్లు లేచాయి. నేను ఇంకో రెండున్నర వేశాను. అదీ లేచింది. చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"ఎంతయింది మేడమ్?" అంది.

"నలభై రెండున్నర అక్కా" అన్నాను. బోర్డు మీదా అంతే రాశాను. సామాను బరువు కలపలేదు. మరిచిపోయి కాదు.

"మీకంటే తక్కువనే" అని నవ్వి, బిందె తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి తెల్లవారుజామున పిల్లలు లేవకముందే సామాను మైదానానికి తీసుకుపోయేదాన్ని. నలభై రెండున్నర నాకు నేల వదిలేది కాదు. అరచేతిలో తోలు ఊడింది. అన్నం వరుసలో పిల్లలు ఆమె మణికట్టు పట్టుకుని చూస్తుంటే నేను పళ్లెం తీసుకుని పక్కకు పోయేదాన్ని. కోచ్‌లు ఏళ్లకేళ్లు నేర్పిన పట్టు నాది. ఆమెకు ఎవరు నేర్పారు? ఒకరోజు వార్డెన్‌తో పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

తర్వాతి వారం మెస్ డ్యూటీ నాకు పడింది. పొద్దున్నే స్టోరు గదిలో టమాటాలు తూస్తున్నారు. అక్క మొదట ఖాళీ గంపను కాటా మీద పెట్టి చూసింది. తర్వాత నిండు గంప తూచి, గంప బరువు తీసేసి నాకు చెప్పింది. నేను రాసుకున్నాను.

"మేడమ్, ఒకటి అడుగుతా" అంది. "మీ పైపు, గొలుసు గూడ ఓసారి తూద్దామా?"

"ఎందుకక్కా?" అన్నాను.

"పిల్లలు చెప్పిన్రు. వాళ్ల లెక్కల, మీ లెక్కల గొలుసు ఉన్నదట. నా లెక్కల లేదట."

"అప్పుడే అడగకపోయావా అక్కా?"

"మీరే రాస్తరనుకున్న. టమాటాలకు గంప తీసేస్తం. గంప వండుకోం గదా. ఇది చేతితోని లేపేది. గొలుసు గూడ చెయ్యే మోసింది."

నేను చెప్పాల్సిన మాట ఆమె నోట విన్నాను. వెళ్లి సామాను తెచ్చాను. కాటా ఆరు కిలోల రెండు వందల గ్రాములు చూపించింది. ఆమె ఉల్లిగడ్డలు తూయడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం పిల్లల ముందే బోర్డు దిద్దాను. నాది నలభై ఆరు కిలోల రెండు వందల గ్రాములు, ఆమెది నలభై ఎనిమిది కిలోల ఏడు వందల గ్రాములు. ఎందుకు మారిందని అడిగారు. "అక్క లెక్కలో గొలుసు నేనే కావాలని కలపలేదు" అన్నాను.

తప్పు ఒప్పుకుంటే అసూయ పోతుందనుకున్నాను. పోలేదు. కానీ సిగ్గు విడిచి వంటగదికి పోయి, ఆ పట్టు ఎట్లా వచ్చిందని అడిగాను. "ఏమో మేడమ్. గంజి వంచుండ్రి నాతోని" అంది. మసిగుడ్డతో అంచు పట్టి అన్నం ఉడికిన పెద్ద డేగిసా వంచుతుంటే మొదటి రోజు నా వేళ్లు జారిపోబోయాయి.

"వేళ్లతోని గాదు, బొటనవేలు బిగియ్యండి" అంది.

రోజూ గంజి వంచుతూ, రెండు నెలలకు నలభై రెండున్నర కిలోల ప్లేట్లు లేపాను. చూడడానికి ఆమె వచ్చింది, మెచ్చుకుంది, పిల్లలు బతిమాలితే తనూ పిడి పట్టి నలభై అయిదు లేపింది. రెండు అంకెలూ సామానుతో సహా సరిగ్గా రాశాను. తర్వాత బయటికొచ్చి, రోడ్డు మీద జామాయిల్ కట్టెల లారీలు పోతుంటే చూస్తూ చాలాసేపు గట్టు మీద కూర్చున్నాను, నా ముఖం ఆమెకు కనబడకూడదని.