మైకులో అక్క పేరు

అక్క మా పెద్దమ్మ కూతురు. ఇక్కడ ఆమె పేరు రాయను. గురువారం సాయంత్రం గుడివాడలో నేనుండే హాస్టల్‌కి చేతికి కట్టుతో వచ్చింది. చెయ్యి విరిచింది బావ. చుట్టాల ఇళ్ళన్నీ అతనికి తెలుసు, హాస్టల్లో బయటివాళ్ళని ఒక్కరాత్రే ఉండనిస్తారు. అందుకే ఆపదలో ఉన్నవాళ్ళకి ఉచితంగా గది చూపించే వెబ్‌సైట్‌లో వివరాలు నింపాను. గంటలో జవాబొచ్చింది. అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో, రిటైరైన టీచరుగారి ఇల్లు, వారం రోజులు. ఎక్కడున్నదీ ఎవరికీ తెలియనివ్వకూడదు, అదొక్కటే షరతు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకి బందరు బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. అక్క ఆధార్ ఇంట్లోనే ఉండిపోయింది.

"కార్డు లేకుండా బయల్దేరితే ఎలాగమ్మా?" అన్నాడు కండక్టరు.

"బయల్దేరగలగడమే గొప్పండీ," అంది అక్క. ఆయన కట్టు వంక చూసి టికెట్ కొట్టాడు.

బందరులో బస్సు మారి పదింటికి అవనిగడ్డలో దిగాం. ఆటోకి నూటయాభై.

"టీచరమ్మగారికి ఏమవుతారమ్మా?" అన్నాడు డ్రైవరు.

"చుట్టాలమండీ."

"ఆవిడ చుట్టాలందరూ నాకు తెలుసే!" అని నవ్వాడు. నేను పొలాలవైపు తిరిగి కూర్చున్నాను.

టీచరుగారు మాకోసం చేపల పులుసు వండి ఉంచారు. "శుక్రవారం నాకు ఉపవాసం. మీరు తినండి. మొహమాటపడితే బెత్తం తీస్తా," అన్నారు. అక్క నవ్వింది. నాకు కృతజ్ఞత చెప్పడం చేతకాక, మావాళ్ళందరూ అనే మాటే అన్నాను: "అక్కని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి ఆంటీ."

పన్నెండింటికి ఆవిడ చర్చిలో ఉపవాస ప్రార్థనకి వెళ్ళారు. కాసేపటికి మైకులో పాస్టరుగారి గొంతు వినిపించింది. "గుడివాడ నుంచి వచ్చి మన టీచరమ్మగారింట్లో ఉన్న బిడ్డ కోసం..." తర్వాత అక్క పేరు, ఇంటిపేరుతో సహా. అక్క తింటున్న ముద్ద కంచంలో పెట్టేసింది.

ఆవిడ తిరిగొచ్చి, "అందరూ ఏడ్చి ప్రార్థించారమ్మా. ఫోన్లో లైవ్ కూడా వెళ్ళింది," అన్నారు సంతోషంగా. రెండింటికి నా ఫోన్‌కి బావ మెసేజ్ వచ్చింది: "మా అక్క లైవ్ చూసింది. సాయంత్రానికి వస్తున్నా." అది చదివి టీచరుగారు గుమ్మంలోనే కూలబడ్డారు. "నేనే చెప్పించానమ్మా, నేనే," అన్నారు. ఆవిడ చేత ఆ ప్రార్థన అడిగించింది నేను.

అతను వచ్చేలోపే ఆ ఇల్లు వదిలి బయటపడ్డాం. అవనిగడ్డ బస్టాండులో వెబ్‌సైట్ మళ్ళీ తెరిచాను. దగ్గర్లో ఇంకో గది లేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్దామన్నాను, బందరులో ఆడవాళ్ళ వసతి గృహం ఉందన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు నా పేరు చెప్తారే. అతను వచ్చి పట్టుకెళ్ళేకంటే నేనే వెళ్తే ఒక దెబ్బ తగ్గుతుంది."

గుడివాడ బస్సు తనే ముందెక్కింది.

అక్క ఇప్పుడు బావ ఇంట్లోనే ఉంది. నా ఫోన్ ఎత్తదు. ఒకరి పేరు పలికి ప్రార్థించడమే ప్రేమ అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాను. అదే అక్కని పట్టించింది. ఇలా గది వెతుక్కుని వెళ్ళేవాళ్ళు గడప దాటకముందే ఇంటివారికి ఒక్కమాట చెప్పండి: పేరు ఎవరికీ చెప్పవద్దు, ప్రార్థనలో కూడా. నేనిప్పుడు అక్క కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. పేరు మాత్రం పైకి పలకను.