రూతమ్మ రాతితొట్టి

మొక్కల్ని చంపేది ఎండ కాదు... మీరు! అవును, మిమ్మల్నే అంటున్నా. రాతితొట్టి తెచ్చి వాకిట్లో పెడతారు. అందులో గులాబీ నాటి పొద్దున ఒక బిందె, మాపున ఒక బిందె పోసి ముంచుతారు. అది చస్తే "మా సీమ ఎండలప్పా" అని సూర్యుడి మీదికి తోస్తారు. నాకు తెలుసు... అందరికంటే ముందు ఆ పని చేసినోణ్ణి నేనే.

మా చిన్నప్పుడు... యాభైల్లో... కోడుమూరు పక్క మా పల్లె బడిలో అయ్యోరు ఒక పందెం పెట్టినాడు. మా తరగతిలో ఏడుగురం, ఏడు రాతితొట్లు. ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచేనాటికి ఎవరి మొక్క పచ్చగా ఉంటే, ఏడాదంతా బడిగంట వాళ్ళదే!

గంటంటే... వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టే ఇనుప కడ్డీ చేతికొస్తే చాలు, మా జేజి, అదే మా అవ్వ, దాచిన బెల్లం డబ్బా కూడా నాకు వద్దు.

తొట్లు తొలిచింది దేవదానం. ఆయన కూతురు రూతమ్మ మా తరగతే. మేం లోపల చాపల మీద... ఆమె గడప బయట. ఎందుకని అడక్కండి, మీకు తెలుసు.

దేవదానం ప్రతి తొట్టి అడుగునా ఒక బొక్క పెట్టినాడు. నీళ్ళు కారిపోతాయే! చుక్క చుక్కకూ అల్లాడే ఊరు మాది. నేను బంకమట్టి తెచ్చి ఆ బొక్క మూస్తా ఉంటే ఆయన చూసినాడు.

"మూయొద్దు చిన్నరెడ్డీ. రాయి పెనం మాదిరి కాగుతాది. లోపల నిలిచిన నీళ్ళు ఉడికితే వేరు కుళ్తాది."

"నీకేం తెలుసులే దేవదానం" అని బొక్క మూసేసినా. ఆయనకు మా నాయన వయసు. నాకు తొమ్మిదేండ్లు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోబుద్ధైతాది...

మా చేని నల్లమట్టి, కర్నూలు నుంచి తెప్పించిన గులాబీ అంటు, పూటకొక బిందె పోసే జీతగాడు... ఇంక గంట నాదే!

రూతమ్మ ఏం చేసిందో తెలుసా? బొక్క మీద కుండపెంకులు పరిచింది. ఊరి వాగు, అదే వంకలోని గరుకు ఇసుక, ఇంత మేకల ఎరువు కలిపి నింపింది. గుట్ట మీది నల్లేరు తీగ, కంచెలోని కలబంద, ఒక బిళ్ళగన్నేరు నాటింది. మేం పడీపడీ నవ్వినాం.

"ఏమే రూతా, గుట్టంతా మోసుకొచ్చినావా?" అన్నా.

"నవ్వురా నవ్వు. మీ బాయికాడికి నన్ను రానీరు గదా, నీళ్ళు యాడ్నుంచి తెద్దు? అందుకే నీళ్ళడగని వాటినే ఏరుకొచ్చినా."

నవ్వుతానే చెప్పింది. నేనూ నవ్వినా. అంతే... ఒక్క బిందె ఇస్తానని మాత్రం అనలేదు.

బడి తెరిచినారు. నా గులాబీ పుల్లైపోయింది. పీకితే కుళ్ళిన వేరు కంపు! మిగతా ఐదు తొట్లదీ దాదాపు అదే కథ. రూతమ్మ తొట్టిలో నల్లేరు అంచు దాటి నేలకు దిగింది. కలబంద బలిసింది. బిళ్ళగన్నేరు విరగబూసింది.

"ఏమప్పా, నీ గులాబీ యాడికి పాయె? కర్నూలుకు తిరిగిపోయిందా?" అన్నాడు అయ్యోరు. బడంతా ఘొల్లుమంది.

అంతలో మా పెదనాయన వచ్చినాడు. "ఆ పిల్ల గంట కొడితే మా పిల్లోళ్ళు బడికి రారు అయ్యోరూ."

అయ్యోరు కడ్డీ రూతమ్మ చేతికిచ్చి, "ఎవరు రారో లెక్క రాసుకుంటా, కొట్టు పాపా" అన్నాడు.

కొట్టింది చూడండి! ఎన్నాళ్ళ కసో... ఠంగు ఠంగుమని ఆగకుండా కొట్టింది. కాకులు లేచిపోయినాయి. చేలల్లో కూలోళ్ళు మధ్యాహ్నమైందనుకొని పొద్దున్నే సద్దిమూటలు విప్పినారు! పెదనాయన జీతగాళ్ళు కూడా విప్పినారు. పెదనాయన ఏమన్నా సరే, మేమంతా బడికి పోయినాం. ఏడాదంతా ఆ గంటకే పోయినాం.

ఇప్పుడు నల్లేరు కుండీలో పెట్టి అమ్ముతాండారు. "నీళ్ళు పోయకపోయినా బతుకుతుందండీ" అని మురుసుకుంటా కొంటాండారు. మనుషుల గురించి కూడా అదే మాట అంటాండారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండేది. అందుకే అడుగుతున్నా:

తొట్టికి బొక్క పెట్టండి. ఉంటే మూయకండి.
నల్లమట్టి చేనికి. తొట్టికి వంక ఇసుక.
తొట్టి తొలిచినోణ్ణి అడిగి మొక్క ఎంచుకోండి. "అన్నా" అని పిలిచి అడగండి.
"వాళ్ళు ఎట్లైనా బతుకుతార్లే" అనడం మానండి.
మీ ఊరి బడిగంట ఎవరు కొట్టేవాళ్ళో, ఎవర్ని ముట్టనీలేదో... కింద కామెంట్లలో రాయండి. నిజం రాయండి.
నల్లేరుకైనా సరే, ఒక బిందె పోయండి.