ఎదురు వాలిన గీతలు

మా ఇంట్లో పక్షుల బొమ్మలు వేసేది ఇద్దరం. బయట తిరిగి, పక్షిని చూసి, పెన్సిలుతో గీసుకొచ్చేది మా ఆయన. ఇంట్లో కూర్చుని దానికి నీటిరంగులు వేసి, ఆ తర్వాత లినోలియం పలక మీద ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేది నేను. ఆయనకు ఓపిక తక్కువ, నాకు తిరుగుడు పడదు. ఇన్నేళ్ల కాపురంలో మేం గొడవ పడకుండా చేసిన పని ఇదొక్కటే అని రాయాలని ఉంది కానీ అదీ అబద్ధమే. ఆయన కొంగకు కాళ్లు పొట్టివయ్యాయని నేను, నువ్వెప్పుడైనా కొంగని చూశావా అని ఆయన, కంచాల ముందు కూర్చుని కూడా వాదించుకునేవాళ్లం.

ఆయన బ్యాంకు ఉద్యోగి. బదిలీ మీద సూరత్ వచ్చి ఇక్కడే కుదురుకున్నాం. ఆదివారం పొద్దున్నే తాపీ నది ఒడ్డుకు పోయి, ఎండ ముదిరాక బురద చెప్పులతో తిరిగొచ్చేవారు. కరోనా మొదటి ఏడాది మిల్లులు మూశారు, మార్కెట్లు మూశారు, బ్యాంకులు మాత్రం మూయలేదు. ఆయన రోజూ వెళ్లి రావడం, నేను తలుపు దగ్గర శానిటైజర్ సీసాతో కాపలా కాయడం. ఆ ఏడాది ఎలాగో గట్టెక్కాం. రెండో వేసవిలో ఇద్దరికీ అంటుకుంది. నన్ను జ్వరంతో వదిలేసింది. ఆయనకు ఊపిరి అందలేదు.

ఆస్పత్రిలో మంచం దొరకడమే గగనంగా ఉన్న రోజులవి. బ్యాంకువాళ్లు ఎవరెవరినో పట్టుకుని ఒకటి ఇప్పించారు. అంబులెన్సు వచ్చేలోగా సంచీలో లుంగీలు, తువ్వాలు, బిస్కెట్లు సర్ది, వాటి మీద ఆయన స్కెచ్ పుస్తకం, రెండు పెన్సిళ్లు పెట్టాను.

"ఇప్పుడవెందుకే?" అన్నారు మాస్కులోంచి.

"ఊరికే పడుకుని ఏం చేస్తారు?" అన్నాను. భయం గొంతులో వినపడకూడదని కాస్త కటువుగానే అన్నాను. నాకూ ఉంది కాబట్టి వెంట వెళ్లడానికి లేదు. కార్పొరేషన్ వాళ్లు మా తలుపు మీద కాగితం అంటించి పోయారు. పాలవాడు ప్యాకెట్టు లిఫ్టు దగ్గరే పెట్టి, దూరం నుంచి కేకేసి వెళ్లేవాడు.

ఆ సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, అన్న ఫోన్ కిందవడి పలిగింది. నేను పక్క మంచమాయన్ని. పాండేసర మిల్లుల పని చేస్త. ఏమన్నుంటే నా ఫోన్‌కే జెయ్యి. ఫికర్ పెట్టుకోకు."

ఆ ఊళ్లో, ఆ వార్డులో, పక్క మంచం మీద ఒక తెలుగు గొంతు ఉండడం ఎంత ధైర్యమో చెప్పలేను. తర్వాత ఆయన మాట్లాడారు. రెండు మాటలకే ఆయాసం వచ్చింది. "మాట్లాడొద్దంటున్నారు. రోజూ ఒక బొమ్మ గీసి పంపుతాలే. అది వస్తే బాగున్నట్టు" అని పెట్టేశారు.

మర్నాడు ఉదయం అదే నంబరు నుంచి మొదటి బొమ్మ ఫొటో వచ్చింది. కిటికీ బయట ఏసీ డబ్బా మీద వాలిన గోరువంక. పక్కన 'కంటి చుట్టూ పసుపు' అని ఆయన రాత. ఆ మాత్రం నాకు తెలియదనుకున్నారు కాబోలు. మామూలుగా అయితే ఒళ్లు మండేది. ఆ రోజు మాత్రం ఆ మూడు మాటలూ పదే పదే చదువుకున్నాను.

ఇక నాకదే పనైంది. బొమ్మ వచ్చేదాకా టీ కూడా తాగబుద్ధయ్యేది కాదు. వచ్చాక ఫోనులో పెద్దది చేసి, ఒక్కో గీతనూ డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసేదాన్ని. ముక్కు దగ్గర పెన్సిలు ఆగిందా? రెక్క గీత ఒక్క ఊపులో వచ్చిందా, మధ్యలో తెగిందా? రెండు మూడు రోజులు గడిచేసరికి గీతలు వణకడం మొదలైంది. ఒకనాటి బొమ్మలో కాలు ఎక్కడుందో, కొమ్మ ఎక్కడుందో తెలియలేదు. ఆస్పత్రి నంబరుకు చేస్తే "స్టేబల్ ఛే", నిలకడగానే ఉన్నారు, అని గుజరాతీలో అన్నారు. అంతకంటే ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఒంటరిగా దగ్గుతూ, ఆ వంకర కాలు చూస్తూ కూర్చున్నాను. ఆయన పోతారేమో అన్న మాట ఆ రోజే మొదటిసారి మనసులో అనుకున్నాను.

ఆ తర్వాతి బొమ్మ చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. గీత నిలకడగా, శుభ్రంగా ఉంది. మెడ ఒంపు ఎంత ముద్దుగా వచ్చిందో! మర్నాడు వచ్చిన గోరువంక ఇంకా బాగుంది. జబ్బు పడితేగానీ ఈయనకు ఓపిక రాలేదు అని నవ్వుకున్నాను. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఆయన ఇంటికొచ్చేసరికి ఈ గోరువంక అచ్చు గోడ మీద ఉండాలని పలక తీశాను.

ముందు నీటిరంగులతో ఒకటి వేశాను. గోరువంక గోధుమరంగు చూడ్డానికి తేలిక, కలపడానికి కష్టం. కొంచెం ఎరుపు ఎక్కువైతే ఇటుక, కొంచెం నీలం ఎక్కువైతే బురద. అది కుదిరాక బొమ్మను ట్రేసింగు కాగితం మీదికి ఎత్తి, దాన్ని పలక మీద బోర్లా వేసి రుద్దాను. అలా చేస్తే పలక మీద బొమ్మ తిరగబడి పడుతుంది, అచ్చు తీసినప్పుడు మళ్లీ సరవుతుంది. తర్వాత ఉలి పట్టుకున్నాను.

పొట్ట కింద నీడ కోసం దగ్గర దగ్గరగా వాలు గీతలుంటాయి. వాటిని చెక్కుతుంటే చెయ్యి మాటిమాటికీ అడ్డం పడుతోంది. ప్రతి గీతకూ పలకను ఇటు తిప్పుకోవాల్సి వస్తోంది. జ్వరం నీరసమేమో అనుకున్నాను. కాసేపయ్యాక ఉలి పక్కన పెట్టేశాను.

మా ఆయనది ఎడమచేతి వాటం. ఎడమచేతివాళ్ల నీడ గీతలు మిగతావాళ్ల గీతలకు ఎదురుగా వాలుతాయి. ఇన్నేళ్లుగా ఆ వాలునే చెక్కి చెక్కి నా చేతికి అదే దారి అలవాటైపోయింది. కళ్లు పక్షిని చూసి మురిసిపోయాయి కానీ, ఉలికి తెలిసిపోయింది. ఈ గోరువంకను గీసింది ఆయన కాదు.

పక్క మంచం నంబరుకు చేశాను.

"తమ్ముడూ, నిజం చెప్పండి. ఈ బొమ్మలు ఎవరు గీస్తున్నారు?"



"నేనే అక్కా. అన్నకు చెయ్యి వణుకుతుండె. బొమ్మ పోకపోతే ఆమె ఆగమైతది, నువ్వు గియ్యి అన్నడు. నేను మిల్లుల చీరల డిజైన్లు గీసేటోన్నే గద. అన్న చెప్తుండె, నేను గీస్తుంటి."

"ఇవాళ్టిది?"

"ఇయ్యాల అన్న ఏం చెప్పలే అక్కా. ఊపిరికి పెద్ద మిషన్ వెట్టిన్రు. గోరింక వచ్చి కూసుంది, నేనే చూసి గీసిన. నువ్వు భయపడ్తవని."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కడుపునిండా తిన్న అన్నం గుర్తొచ్చి మరీ వచ్చింది. "ఆయన గీస్తేనే పంపండి. లేకపోతే ఏమీ పంపొద్దు" అని గట్టిగా అన్నాను. "సరే అక్కా" అన్నాడు. ఫోను పెట్టి పలక వైపు చూస్తే, తోక చివర సన్నటి మెలిక ఒకటి కనిపించింది. గోరువంక తోకకు అలాంటిది ఉండదు. చీర అంచు మీద ఉంటుంది.

మర్నాడు ఏమీ రాలేదు. నా నోటితో నేనే తెచ్చుకున్నాను. ఇంతకుముందు అబద్ధమో నిజమో ఒక పిట్ట వచ్చి వాలేది. ఇప్పుడు ఆ ఖాళీకి అర్థం ఏమిటో తెలియదు. నిద్రపోతున్నారా, స్పృహలో లేరా, అసలు ఉన్నారా? ఆస్పత్రిలో మళ్లీ "స్టేబల్ ఛే". ఉప్మా చేసి పొయ్యి మీదే వదిలేశాను.

ఆ మర్నాడు మధ్యాహ్నానికి నా పంతం అయిపోయింది.

"తమ్ముడూ, మీరే గీయండి. ఏదైనా సరే, పంపండి."

"నువ్వే వద్దంటివి గదక్కా" అని నవ్వాడు. నవ్వు సగంలో దగ్గు అందుకుంది. అది తగ్గేదాకా ఫోను పట్టుకుని ఉన్నాను. "అన్న పండుకున్నడు. నిన్నటి మీద నయమే."

"నిజంగానా?"

"నిజంగనే అక్కా. జర నమ్ము."

సాయంత్రం బొమ్మ వచ్చింది. పక్షి అంచు గీత మాత్రమే ఉంది. నీడ లేదు, కన్ను లేదు, ఒక కాలు వేయనే లేదు. నా పోరు పడలేక ఏదో గీసి పంపాడనుకున్నాను. అయినా దాన్ని చూస్తూనే పడుకున్నాను.

పొద్దున బొమ్మ రాలేదు. ఫోనే మోగింది. అతని నంబరే. బొమ్మ పంపాల్సినవాడు ఫోను ఎందుకు చేస్తాడో నాకు తెలుసనుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"నేనే" అన్నారు మా ఆయన.

వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయాను. మాస్కు తీశారా, మాట్లాడనిచ్చారా, ఏమైనా తిన్నారా అని ఏడుస్తూ ఒకదాని మీద ఒకటి అడిగేస్తున్నాను.

"ఆగు" అన్నారు. ఊపిరి కూడదీసుకున్నారు. "అతను పోయాడు. తెల్లారుజామున."

విన్నాను. విన్నాక కూడా నా లోపల సంతోషమే ఉంది. ఈయన గొంతు వినపడుతోందన్న సంతోషం. అది పక్కకు జరిగితేనేగాని మరొకటి లోపలికి రాలేకపోయింది.

"వాళ్లావిడ ఫోను చేస్తూనే ఉంది. ఆస్పత్రి కాగితంలో ఇంటి నంబరు బదులు ఈ నంబరే రాశాడట, ఆస్పత్రివాళ్లు చేసినా దీనికే వస్తుంది, ఆమెకు తెలియదు. నాకు ఊపిరి చాలదు. నువ్వు చెప్పు." ఆమె నంబరు ఒక్కో అంకె ఆగి ఆగి చెప్పారు. రంగు కాగితం అంచు మీద రాసుకున్నాను.

ఏం చెప్పాలో కూడబలుక్కుందామనుకున్నాను, ఒక్క మాటా కుదరలేదు. నంబరు నొక్కాను. మొదటి మోతకే ఎత్తింది. ఆమె కూడా ఫోను చేతిలో పట్టుకునే కూర్చుందని అర్థమైంది. మీ ఆయన పక్క మంచం ఆయన భార్యనమ్మా అన్నాను.

"అక్కా! అన్నకెట్లుందక్కా? మా ఆయన రోజు చెప్తడు, అన్నకు మస్తు తక్లీఫ్ ఉంది, అక్క ఒక్కతే పరేషానైతుందని. అన్న మంచిగైండా?"

"బాగున్నారమ్మా" అన్నాను. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పాను.