దొరగారి సెల్లో వేలం

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, మా విడవలూరు ప్రాంతంలో కచేరీ అంటే పందిరి, మైకు, తెల్లవార్లూ జనం. ఇరవై మంది ఒక గదిలో కూర్చుని, దగ్గు కూడా మింగేసి వినేదాన్ని సైతం కచేరీయే అంటారని నాకు మొదట చెప్పింది మా మిషన్ బడి మేనేజరు దొరసానిగారు. ఆవిడ తమ్ముడూ మరదలూ చుట్టపుచూపుగా వచ్చారు. ఆ తమ్ముడు దొరగారు సెల్లో వాయిస్తారు (మనిషంత ఫిడేలు, కాళ్ళ మధ్య నిలబెట్టుకోవాలి), ఆమె గిటారు. కచేరీ బంగళా హాల్లో, ఏర్పాట్లు నా నెత్తిన. అప్పటికి నేను టెంపరరీ మాస్టర్ని. ఇది సవ్యంగా జరిపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తానని ఆవిడ అన్నది మొదలు నాకు అన్నం సయించలేదు.

వచ్చినవాళ్ళెవరూ ఒట్టి చేతులతో రాలేదు. మిషన్ బంగళాలో వాయిద్యాలు మోగుతాయంటే అది కోత పండగలాంటిదే అనుకుని ఒకరు గుమ్మడికాయ, ఒకరు కాళ్ళు కట్టిన కోడిపెట్ట తెచ్చారు. చర్చిలో కానుకలు ముందు పెట్టే అలవాటు కొద్దీ నేనే వాటిని వాయించేవాళ్ళ కుర్చీల పక్కన అందంగా సర్దాను. సంగీతం మొదలైంది. సెల్లో మంద్రంగా మూలిగినప్పుడల్లా కోడి బదులు పలికింది. దొరగారు కళ్ళు మూసుకుని వాయిస్తున్నారు గనుక బతికిపోయాను. సగం అయ్యాక దంపతులు వాయిద్యాలను కుర్చీలకు ఆనించి, టీ కోసం వరండాలోకి వెళ్ళారు. కప్పులు అందించడానికి నేనూ వెళ్ళాను. అదే కొంప ముంచింది.

మా సంఘపెద్ద ఏటా కోత పండగ కానుకలను వేలం వేసే మనిషి. ముందు పెట్టిన వస్తువు వేలానికేనన్నది ఆయన సిద్ధాంతం. నేను తిరిగొచ్చేసరికి గుమ్మడికాయా కోడీ అమ్ముడైపోయి, సెల్లో రెండోసారి దగ్గరుంది. ధర పెంచుతున్నది బంగళాకు చేపలు తెచ్చే తాత. అది దొరగారి సొంతమని సంఘపెద్ద చెవిలో మొత్తుకున్నాను.

"ముందర పెట్టినాక దేవుడిది, అబ్బయా. వెనక్కి తీస్తే పాపం" అన్నారాయన, నా ఉద్యోగాన్ని కూడా దేవుడికే వదిలేసి.

వెనక్కి చూస్తే గుమ్మంలో దొరసానిగారు, ఆవిడ పక్కన దొరగారు. ఇక దాచి లాభం లేక, జరిగిందంతా చెప్పాను (నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ ఒక్కపూటే ఖర్చయిపోయింది). దొరగారు కోప్పడలేదు. దీంతో ఏం చేసుకుంటావో తాతను అడగమన్నారు.

"మా ఆడమనిషి పోయినాక ఇంట్లో సద్దు లేదయ్యా" అన్నాడు తాత. "ఇదైతే మనిషి మాదిరి మాట్లాడతా ఉంది."

నేను తర్జుమా చేశాను. దొరగారు తన సెల్లోకు తనే ధర పెంచారు. తాత తల ఊపి తప్పుకున్నాడు, సంఘపెద్ద మూడోసారి అనేశారు. దొరగారు కుర్చీని తాతకు ఎదురుగా జరుపుకుని మిగతా కచేరీ అంతా అతనికే వాయించారు. దొరగారి భార్య మాత్రం చివరిదాకా గిటారును ఒళ్ళోంచి దించలేదు. దొరసానిగారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఆ నెలలోనే నన్ను పర్మనెంటు చేశారు.

ఆ సాయంత్రం నాకు ఉద్యోగం తప్ప సంగీతం వినిపించలేదు. తాత మాటను పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పానే గాని, అది నాకు అర్థమైంది మాత్రం మొన్నమొన్ననే, మా ఆవిడ పోయాక. ఇప్పుడెక్కడైనా సెల్లో వేలానికొస్తే, ఎదుట దొరగారే ఉన్నా సరే, నేను తప్పుకోను. నాకు వాయించడం రాదనుకోండి. తాతకు మాత్రం వచ్చా?