సున్నా మీద అడ్డగీత

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, దసరా వెళ్లాక వచ్చిన సోమవారం ఉదయం, నన్ను ప్రొద్దుటూరు హెడ్డాఫీసు నుంచి పులివెందుల బ్రాంచికి విచారణ పని మీద పంపారు. మాది రక్తపరీక్షలు, స్కానింగులు చేసే ప్రైవేటు ల్యాబు. పేరు రాయను. ప్రొద్దుటూరులో ప్రధాన కేంద్రం, జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ బ్రాంచీలు. నేను సిస్టమ్స్ మేనేజరును. హోదా వినడానికి పెద్దదే గాని, నా కింద పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. మూడు ఊళ్ల కంప్యూటర్లు, కేబుళ్లు, ప్రింటర్లు, ఆ ప్రింటర్లు మొరాయించినప్పుడు పడే తిట్లు, అన్నీ నా ఒక్కడివే. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి.

జరిగింది ఇది. పులివెందుల బ్రాంచికి ఒక స్కూలు టీచరు మెడ దగ్గర గడ్డతో వచ్చింది. సూదితో నమూనా తీసి పరీక్షిస్తే టీబీ అని తేలింది. ఊపిరితిత్తుల టీబీ కాదు, గడ్డ టీబీ. అది పక్కవాళ్లకు అంటదు, మందులు వాడితే పోతుంది. కానీ శనివారానికల్లా ఆ రిపోర్టు, ఆమె పేరూ వయసూ సహా, ఊళ్లో ఫోన్లన్నిటికీ పాకింది. జనం టీబీ అన్న మాటే చదివారు, గడ్డ అన్న మాట ఎవరూ చదవలేదు. పిల్లల తల్లిదండ్రులు వెళ్లి అడిగేసరికి, స్కూలువాళ్లు ఆమెను కొన్నాళ్లు రావద్దన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఆ రిపోర్టును మా సర్వరులోంచి ఎవరో తీసుకున్నారని రికార్డు చెబుతోంది. తీసుకున్న ఐడీ పులివెందుల బ్రాంచిది. ఆ ఐడీ వాడేది ఫ్రంటాఫీసు అసిస్టెంటు రమాదేవి. మా ఎండీ స్వయంగా డాక్టరు, మాట మీద నిలబడే మనిషి, కోపం వస్తే మాత్రం ఎవరి మాటా వినడు. సాయంత్రం నాలుగింటికల్లా సాంకేతిక నివేదిక తన మెయిల్లో ఉండాలనీ, దాన్ని జతచేసి రమాదేవి పేరు మీద పోలీసులకు ఫిర్యాదు ఇస్తామనీ చెప్పాడు.

మా పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. మూడు ఊళ్ల కంప్యూటర్లు ప్రొద్దుటూరు సర్వరుతో మాట్లాడుకునేది అందరూ వాడే ఇంటర్నెట్టు మీదనే. రోగుల వివరాలు ఆ దారిలో బాహాటంగా పోకూడదని వీపీఎన్ పెట్టాను. మా వైపు చీనీ అనే బత్తాయి తోటలకు నీళ్లు తెచ్చే పైపు లాంటిది అది. ఓపెన్ కాలువైతే గట్టు మీద నిలబడ్డ ప్రతివాడూ చూస్తాడు, కావాలంటే ముంచుకుంటాడు. పైపులో పోయే నీళ్లు దారిలో ఎవరికీ కనబడవు. బస్టాండులోనో హోటల్లోనో ఉచిత వైఫైకి ఫోను కలిపేవాళ్లకు కూడా వీపీఎన్ చేసే మేలు ఇదే. పెట్టిన కొత్తల్లో నేను దాన్ని గురించి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇక మన డేటా జోలికి ఎవడూ రాలేడని మీటింగులో అన్నాను కూడా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదకొండింటికి బ్రాంచి చేరేసరికి షట్టరు సగం దించి ఉంది. ముందు నాలుగు బైకులు, వాటి మీద ఏడెనిమిది మంది. టీచరు తమ్ముడు లేచి నాకు అడ్డం వచ్చాడు.

“నువ్వేనా ప్రొద్దుటూరు నుంచి వచ్చిండేది? మా అక్క ఇంట్లోంచి బయటికి రాకుండా ఏడుస్తాంది. మీరు పంపకపోతే ఎవురు పంపినారప్పా?”

అది కనుక్కోవడానికే వచ్చానన్నాను.

“కనుక్కో. పేరు చెప్పేదాకా ఈడ్నే ఉంటాం. యాడికీ పోము.”

అతని గొంతులో బెదిరింపు కన్నా ఏడుపే ఎక్కువ ఉంది. నాకు మాత్రం భయం వేసింది. ఆ షట్టరు కింద వంగి లోపలికి వెళ్లేటప్పుడు వీపు మీద అందరి చూపులూ ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

రమాదేవి కౌంటరు వెనక కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ల మనిషి. భర్త ఊళ్లోనే ఒక గుడిలో అర్చకుడు. ఏడేళ్లుగా మా దగ్గర పేర్లు ఎక్కించడం, రిపోర్టులు ప్రింటు తీసి ఇవ్వడం ఆమె పని. నేను అడగకముందే మొదలుపెట్టింది.

“నేను ఎవురికీ చెప్పలేదు సార్. మా ఆయనకు గూడా ఆ పాస్‌వర్డ్ తెలీదు. ఆ టీచరమ్మ మా పాపకు సదువు చెప్పింది సార్, ఆమె కాయితం నేనెందుకు బయటేస్తా?”

నిజం చెప్పాలంటే నేను నమ్మలేదు. ఐడీ ఆమెది, పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు. ఈ ఉద్యోగంలో నేను చూసిన తప్పుల్లో చాలా భాగం మనుషులు చేసినవే. ముఖం గంటు పెట్టుకునే కంప్యూటరు ముందు కూర్చున్నాను.

వీపీఎన్ యంత్రం ఒక చిట్టా రాస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏ ఇంటర్నెట్టు చిరునామా నుంచి లోపలికి వచ్చారన్నది అందులో ఉంటుంది. దాన్ని లాగ్ అంటాం. శుక్రవారం లాగ్ తెరిచాను. ఒంటిగంటా నలభైకి పులివెందుల ఐడీతో రెండు చోట్ల నుంచి లోపల ఉన్నారు. ఒకటి బ్రాంచి లైను, పొద్దుటి నుంచీ కలిసే ఉంది. రెండోది ఒక మొబైల్ నెట్‌వర్కు చిరునామా. రిపోర్టు వెళ్లింది ఆ రెండోదాని గుండా. అంటే ఈ కుర్చీలోంచి కాదు.

ఎండీకి ఫోను చేసి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఇంటికి పోయి ఫోన్లోంచి చేసి ఉండదా అన్నాడు. ఆ ఫోను ఎవరిదో లాగ్ చెప్పదు. పాస్‌వర్డ్ ఇంకెవరికో ఎలా తెలిసిందో చూపిస్తే తప్ప ఆమె బయటపడదు. అప్పటికి టైము రెండు దాటింది. బయట బైకుల దగ్గర జనం పెరిగారు. ఎవరో షట్టరు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశారు. రమాదేవి ఉలిక్కిపడింది. ఆమె భోజనం డబ్బా మూత తీయకుండా పక్కనే ఉంది.

రిపోర్టు బ్రాంచి ఫోన్లోంచి పోయిందేమో చూద్దామని ఆ ఫోను అడిగి తీసుకున్నాను. పంపినవాటిలో అది లేదు. ఫొటోలు చూసుకుంటూ పోతే ఆయుధ పూజవి తగిలాయి. మా దగ్గర ఆ రోజు మెషీన్లన్నిటికీ పూజ చేస్తారు. సూక్ష్మదర్శినికి బొట్టు, ఫ్రిజ్జుకు బొట్టు, కంప్యూటరుకు బంతిపూల దండ, ముందు నిమ్మకాయలు. రమాదేవి అర్చకుల ఇంటి కోడలు కాబట్టి ఆమె చేసే పూజ మిగతా బ్రాంచీల కన్నా శ్రద్ధగా ఉంటుంది.

“అది నా వాట్సాప్ స్టేటస్‌లో గూడా పెట్టినా సార్. మన గ్రూపులో ఏసినా గదా, మీరూ దణ్ణం పెట్టినారు,” అంది.

పెట్టాను. గుర్తుంది. రెండు వేళ్లతో ఆ ఫొటోను పెద్దది చేశాను.

దండ కింద, తెర అంచున, కుంకుమ బొట్టు పక్కనే ఒక తెల్ల కాగితం ముక్క. దాని మీద పెద్ద అక్షరాల్లో బ్రాంచి ఐడీ, దాని కింద పాస్‌వర్డ్. పాస్‌వర్డులోని సున్నాకు మధ్యలో అడ్డగీత ఉంది. ఇంగ్లీషు ఓ అక్షరమని పొరబడకుండా సున్నాకు గీత కొట్టడం నాకు టెలిఫోను శాఖలో చేసిన రోజుల నుంచి ఉన్న అలవాటు. మూడు ఊళ్లలో ఇంకెవరూ అలా రాయరు.

ఆ కాగితం అంటించింది నేను. నేను అన్నానికి కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక బ్రాంచి నుంచి పాస్‌వర్డ్ మరిచిపోయామని ఫోను వచ్చేది. విసుగెత్తి ఒక రోజు తిరిగి, రెండు బ్రాంచీల్లోనూ రాసి అంటించి వచ్చాను. వాళ్లకు తేలిక అవుతుందని వీపీఎన్‌కూ, లోపలి సాఫ్ట్‌వేరుకూ ఒకటే ఐడీ, ఒకటే పాస్‌వర్డ్ ఇచ్చాను. రెండు తలుపులు పెట్టి రెంటికీ ఒకే తాళంచెవి ఇచ్చి, దాన్ని గడపకు వేలాడదీసినట్టు. ఎవరికీ చెప్పొద్దని రమాదేవికి చెప్పినవాణ్ణీ నేనే.

తలెత్తి చూస్తే ఆ ముక్క ఇంకా తెర అంచున అలాగే ఉంది, కుంకుమ కూడా చెరగలేదు. రమాదేవికి ఆ ఫొటోలో నేను ఏం చూశానో అర్థం కాలేదు. ప్రపంచంలో ఆ సంగతి తెలిసినవాణ్ణి ఆ నిమిషానికి నేనొక్కణ్ణే. అబద్ధం ఎందుకు, చెయ్యి ఆ కాగితం దాకా వెళ్లింది. పీకి జేబులో వేసుకుంటే, ఫోన్లో ఫొటో తీసేస్తే, గ్రూపులో ఎవరూ దాన్ని పెద్దది చేసి చూడకపోతే, ముప్పై అయిదేళ్ల సర్వీసు మచ్చ లేకుండా ముగుస్తుంది.

ఎండీ మళ్లీ ఫోను చేశాడు. మూడున్నర అయింది, ఇంకా ఏం చూస్తున్నావని అడిగాడు. పాస్‌వర్డ్ బయటికి ఎలా పోయిందో తెలిసిందనీ, తప్పు కొంత మన వైపు ఉందనీ అన్నాను.  ఆయన నెమ్మదిగా చెప్పాడు.

“సుబ్బరాయుడు గారూ, అంత దూరం పోతాండారెందుకు? ఐడీ ఎవురిదో అది రాయండి, చాలు. ఎనిమిది నెలల్లో ఇంటికి పోయే మనిషి మీరు.”

ఆయన నా మంచికే చెప్పాడని ఇప్పటికీ అనుకుంటాను. ఫోను పెట్టేసి చూస్తే రమాదేవి తలుపు సందులోంచి ఆ బైకుల వైపు చూస్తూ ఉంది. కేసు పెట్టాక బయటికి ఎలా పోవాలా అని ఆలోచిస్తున్నట్టుంది. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

నివేదిక ఒక పేజీనే. రెండు చిరునామాలు, సమయాలు, ఫొటో నకలు. చివరి పేరాలో, తెర అంచున ఉన్న కాగితం నేను రాసి అంటించిందనీ, సున్నా మీది గీత నా చేతిరాతకు గుర్తనీ, ఫొటో గ్రూపులో వచ్చినప్పుడు చూసి కూడా గమనించలేదనీ రాశాను. నాలుగుకు అయిదు నిమిషాల ముందు పంపాను. పంపాక ఆ ముక్కను పీకి, ఆధారంగా కవరులో పెట్టి, కవరు మీద నా సంతకం చేశాను.

బయటికి వెళ్లి టీచరు తమ్ముడికి కూడా చెప్పాను. ఈ ఆడమనిషి చేయలేదు, తాళం వీధిలో పెట్టినవాణ్ణి నేను, తీసినవాణ్ణి పోలీసులు పట్టుకుంటారు అని. కొడతాడనే అనుకున్నాను.

“ఇంత వయసొచ్చినాక ఇట్లా చేస్తారా పెద్దాయనా?” అని బైకు తీసుకుని వెళ్లిపోయాడు. కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాను.

ఆ మొబైలు చిరునామా పట్టుకుని పోలీసులు జమ్మలమడుగులో మనిషిని దొరకబట్టారు. అంతకు ముందు మా దగ్గర మానేసి వేరే ల్యాబులో చేరిన టెక్నీషియను. అతను మానేసిన రోజే అతని ఐడీ రద్దుచేశాను. కానీ అతని లాప్‌టాపులో మా వీపీఎన్ సాఫ్ట్‌వేరు మిగిలింది, అతని ఫోన్లో రమాదేవి నంబరు మిగిలింది. స్టేటస్‌లో పూజ ఫొటో చూశాడు. మా ల్యాబు పేరు చెడగొట్టడానికి ఏదో ఒక రిపోర్టు కావలసివచ్చి, చేతికందింది పంపాడు. ఆ టీచరు ఎవరో కూడా తనకు తెలియదన్నాడట.

ఫిర్యాదులో రమాదేవి పేరు రాలేదు. నాకు లిఖితపూర్వక మందలింపు వచ్చింది, సర్వరు బాధ్యత వేరొకరికి ఇచ్చారు. చివరి ఎనిమిది నెలలూ ప్రింటర్లు చూసుకున్నాను. టీచరు మందులు పూర్తిచేసి మళ్లీ ఉద్యోగంలో చేరిందని విన్నాను. మా ల్యాబుకు మాత్రం ఆమె మళ్లీ రాలేదు.

వీపీఎన్ పెట్టుకున్నాం కదా, ఇక భయం లేదు కదా అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. పెట్టుకోవాలి. నేనూ బస్టాండులో ఫోను తీస్తే అది లేకుండా ఏదీ తెరవను. కానీ అది కాపాడేది దారిని మాత్రమే. పాస్‌వర్డ్ పట్టుకుని వచ్చినవాడు దొంగో దొరో దానికి తెలియదు, అతన్నీ అంతే భద్రంగా లోపలికి తీసుకొస్తుంది. ఆ పాస్‌వర్డ్ కాగితం మీదికి ఎక్కిందంటే చాలాసార్లు ఎవరో నాలాంటివాడు విసుగుపడి రాసిందే అయి ఉంటుంది.

మరుసటి ఏడు ఆయుధ పూజకు రమాదేవి నాకు ఫొటో పంపింది. బంతిపూలు, బొట్లు, నిమ్మకాయలు. ఫొటోను పెద్దది చేసి నాలుగు అంచులూ చూసి, ఆ తర్వాతే దణ్ణం పెట్టాను.