దశరథం ఆటోలో ఎల్లిగడ్డ ఘాటు

కంఠేశ్వర్ నుంచి బోధన్‌కు షేర్ ఆటో నడిపే దశరథానికి బీపీ ఉందని తేలింది. డాక్టరు రోజుకో గోలీ రాసిచ్చాడు. నెల తిరక్కముందే దశరథం ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. పరగడుపున పచ్చి ఎల్లిగడ్డ, అదే వెల్లుల్లి, నమిలితే బీపీ, కొవ్వు, జలుబు అన్నీ పరారేనట! మర్నాడే గోలీల డబ్బాను అల్మారా మీదికి తోసేసి రెండు రెబ్బలతో మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి పన్నెండుకు చేరాడు.

"ఓ అయ్యా, గింత ఘాటేంది?" అంటూ భార్య రేణుకమ్మ ఆయన మంచాన్ని వాకిట్లో వేసింది.

"మందులన్నీ దీంట్లనే ఉన్నయి. నీకేమెరుక?" అన్నాడు దశరథం దర్జాగా.

ఆటోలో ఎవరైనా తుమ్మితే చాలు, రెబ్బ చిదిమి వాళ్ల ముక్కు దగ్గర పెట్టేవాడు. బోధన్‌కని ఎక్కినవాళ్లు జానకంపేటలోనే దిగిపోయేవారు. చివరికి బీడీలు చేసే భాగ్యలక్ష్మి ఒక్కతే మిగిలింది.

"నాకు ఏ వాసనా రాదన్నా. పొద్దంత తంబాకుల ఉండే ముక్కు నాది," అనేది ఆమె.

ఒకరోజు ఎడపల్లి దాటగానే దశరథానికి కళ్లు తిరిగాయి. ముందు పోతున్న చెరకు ట్రాక్టరు రెండుగా కనిపించింది. ఎలాగో ఆటోను పక్కకు ఆపాడు. భాగ్యలక్ష్మి వేరే ఆటోను ఆపి, ఆయన్ను ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు బీపీ చూసి అదిరిపడ్డాడు. "గోలీలు ఏసుకుంటున్నవా?"

"ఎల్లిగడ్డ తింటున్న సార్. పన్నెండు రెబ్బలు," దశరథం నోరు బాగా తెరిచి చెప్పాడు.

డాక్టరు కుర్చీ వెనక్కి జరిగి జరిగి గోడకు తగిలింది.

"ఎల్లిగడ్డ మంచిదేనయ్యా. బీపీని జరంత తగ్గిస్తదంటరు. గని గోలీ చేసే పని అది చెయ్యది. కూరల ఏసుకొని తిను, గోలీ మాత్రం మానకు."

"మరి వీడియోల అట్ల చెప్పలే కద సార్?"

"ఆ వీడియో తీసినోడు ఒక్కసారన్న నీ ఆటో ఎక్కిండా?"

భాగ్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

గోలీలు మళ్లీ మొదలుపెట్టాక మూడు వారాల్లో బీపీ దారికొచ్చింది. ఆ సంతోషంలో రేణుకమ్మ పప్పులో నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు ఎర్రగా వేయించి పోపు పెట్టింది. దశరథం రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. ఇంత రుచిగలదాన్ని పచ్చిగా నమిలి కళ్లనీళ్లు పెట్టుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు.